వాకిట్లో నిలబడి పిలిచి చూడండి: ఆడబిడ్డకు పేరు ఎంచుకోవడం ఎలా

మా చెల్లెలికి ఆడబిడ్డ పుట్టి పద్దెనిమిది రోజులైంది. ప్రొద్దుటూరులో వాళ్లింట్లో ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేయాలనుకున్నారు. మొన్న రాత్రి ఫోన్‌లో ఒక చీటీ ఫొటో పంపింది. అందులో పద్నాలుగు పేర్లున్నాయి. "అక్కా, నువ్వు తెలుగు టీచరువి కదా, ఒకటి తేల్చు. వినగానే ఆడపిల్ల అని తెలియాలి, పిలిస్తే మెత్తగా ఉండాలి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది" అంది.

అనంతపురం వైపు బడుల్లో ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్నే హాజరు పిలుస్తున్నాను. ఏ పేరు నోటికి ఎలా వస్తుందో, ఏ పేరున్న పిల్ల తలెత్తి పలుకుతుందో, ఏ పేరు వినగానే వెనక బెంచీలో నవ్వులు మొదలవుతాయో అన్నీ చూశాను. ఆ చీటీ ముందు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. ఇంకెవరింట్లోనైనా ఇదే చర్చ నడుస్తుంటే పనికొస్తుందని నేను తూచిన తీరు రాస్తున్నాను.

ఆడపేరు అని చెవికి ఎలా తెలుస్తుంది

మెత్తని అక్షరాలతో మొదలైతే ఆడపేరు అవుతుందని చాలామంది అనుకుంటారు. మన వ్యాకరణంలో క, చ, ట, త, ప పరుషాలు, గ, జ, డ, ద, బ సరళాలు. ఆ లెక్కన కవిత, తులసి, పద్మ, చంద్రిక గరుకుగా వినిపించాలి. అలా అనిపించవు కదా! పేరు మొదలు కంటే చివర ముఖ్యం. పిలిచేటప్పుడు మనం సాగదీసేది చివరి అక్షరాన్నే, చెవిలో మిగిలేదీ అదే.

పాతవాళ్లకూ ఇది తెలుసు. ఆడపిల్ల పేరు సులువుగా పలికేలా, కఠినంగా లేకుండా, అర్థం స్పష్టంగా తెలిసేలా, మనసుకు నచ్చేలా, చివర దీర్ఘంతో ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయంలో ఉంది. అక్షరాల సంఖ్య బేసి ఉండాలని, చివర ‘ఆ’ రావాలని పారస్కర గృహ్యసూత్రం చెబుతుంది. సంస్కృతంలో సీతా, రమా, గౌరీ అని ఉన్న దీర్ఘం తెలుగులోకి వచ్చేసరికి పొట్టిదై సీత, రమ, గౌరి అయింది. పిలిచేటప్పుడు మాత్రం "గౌరీ" అని మళ్లీ సాగుతుంది. అదే మనుస్మృతి మూడో అధ్యాయంలో నక్షత్రాల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు ఉన్న పిల్లను పెళ్లి చేసుకోవద్దని కూడా ఉంది. మనవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. రోహిణి, తులసి, గంగ, కావేరి అని తరతరాలుగా పెట్టుకుంటూనే వచ్చారు. చాలా మంచి పని చేశారు.

ఇక చివరలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

‘ఇత’, ‘ఇక’తో ముగిసే పేర్లు: హర్షిత, లిఖిత, అంకిత, దీపిక, భావిక. మూడక్షరాలు, పలకడం సులువు, ఆడపేరని అనుమానమే ఉండదు. చిక్కేమిటంటే ఇప్పుడు అందరూ ఇవే పెడుతున్నారు. మా ఎనిమిదో తరగతిలో హర్షిత, వర్షిత, అర్పిత ఒకే వరుసలో కూర్చుంటారు. ఒకరిని పిలిస్తే ముగ్గురు లేస్తారు. పిల్లకు తనదంటూ ఒక పేరు ఉండాలనుకుంటే ఈ గుంపులో వెతక్కండి.

‘ఇని’, ‘ఇణి’తో ముగిసేవి నాకు అన్నిటికంటే ఇష్టం. మాలిని, హాసిని, రాగిణి, తరంగిణి, సౌదామిని. పాణిని, జైమిని లాంటి పాత పేర్లు తప్ప ఈ చివర మగపేర్లలో అరుదు. ‘న’ దగ్గర నాలుక మెత్తగా ఆగి ‘ఇ’ మీద పేరు సాగుతుంది. దూరం నుంచి పిలిస్తే బాగా వినిపిస్తుంది కూడా. మన నోట్లో ‘ణ’ కాస్తా ‘న’ అవుతుంది, దాంతో నష్టమేమీ లేదు.

‘వతి’, ‘వల్లి’, ‘వేణి’ పాతకాలం పేర్లని ఈ తరం పక్కన పెట్టేసింది. వాటికి మెత్తదనంతో పాటు ఒక నిండుదనం ఉంటుంది. పాపగా ఉన్నప్పుడు పొట్టిగా పిలుచుకోవచ్చు, ఉద్యోగంలో చేరాక పూర్తి పేరు హుందాగా ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల డాక్టరో, తహసీల్దారో అయితే తలుపు మీద ఆ పేరు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. ముద్దుపేర్లన్నీ ఆ పరీక్షకు నిలబడవు.

చివర ‘శ్రీ’, ‘ప్రియ’ తగిలించడం సులువైన దారి. అయితే ఆ తోక ఎక్కువ రోజులు ఉండదు. తేజశ్రీని అందరూ ‘తేజ’ అంటారు, హర్షప్రియను ‘హర్ష’ అంటారు, రెండూ మగపిల్లల పేర్లుగానే మిగులుతాయి. తేజ ఇష్టమైతే తేజస్విని పెట్టండి, హర్ష ఇష్టమైతే హర్షిణి పెట్టండి. ఆడగుర్తు పేరు లోపలే ఉండాలి, అప్పుడు ఊడిపోదు.

కిరణ్, శశి, మణి, సాయి లాంటి ఇద్దరికీ పెట్టే పేర్ల గురించి నా అనుభవం చెబుతాను. నా పేరు అలాంటిదే. ఉద్యోగానికి రాసిన ఒక పరీక్షలో హాల్‌టికెట్ మీద ‘పురుషుడు’ అని అచ్చయి వచ్చింది. దాన్ని సరిచేయించుకోవడానికి మా నాయన నన్ను వెంటబెట్టుకుని మూడుసార్లు బస్సులో తిరిగాడు. ఇంటర్‌లో హాస్టల్ జాబితాలోనూ మగపిల్లల వైపు రాశారు. నా పేరంటే నాకు ప్రేమే, మా నాయన పెట్టిన పేరు. కానీ చెల్లెలు "వినగానే ఆడపిల్ల అని తెలియాలి" అన్నప్పుడు ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు, ఆ రోజుల్లో అది నా వెంటే ఉండేది.

ముస్లిం కుటుంబాల్లో ఈ లెక్క ఇంకా తేట. సలీం మగపేరు, సలీమా ఆడపేరు, జమీల్‌కు జమీలా. ఆ చివరి ‘ఆ’ తెలుగులో రాసినా పొట్టిది కాదు. నుస్రత్, జీనత్, ఇష్రత్ లాంటివి వినసొంపుగా ఉంటాయి గానీ, ఆ పేర్లు అలవాటు లేని గుమాస్తాలు మగపేరనుకునే అవకాశం ఉంది. అలాంటిది ఎంచుకుంటే వెనక బేగం, ఫాతిమా లాంటి మాటను కాగితాల్లో కూడా ఉంచండి.

నెట్‌లో దొరికే పేర్లు

మా చెల్లెలి చీటీలో సగం ఇవే. పొట్టిగా, మెరుస్తూ ఉంటాయి, పక్కన అందమైన అర్థం రాసి ఉంటుంది. ఆ అర్థాన్ని నమ్మేముందు నిఘంటువు తెరవండి, నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే.

మొదటి పేరు ‘అన్య’. దయ, కృప అని అర్థం రాసి ఉంది. తెలుగులో, సంస్కృతంలో అన్య అంటే ఇతరురాలు, పరాయిది. దీర్ఘం పెట్టి ‘ఆన్యా’ అని రాసినా మన నోట్లో అది అన్యే అవుతుంది. మన రాయలసీమలో ‘ఆడ’ అంటే అక్కడ. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అనే మాట పుట్టినప్పటి నుంచి వింటూ పెరిగాం. ఆ మాటే తప్పు. దాన్ని పిల్ల పేరులోనే రాసిపెట్టడం నాకు మనసొప్పదు.

‘అనామిక’ చెవికి చాలా బాగుంటుంది. ఉంగరపు వేలును అనామిక అంటారు, పేరు లేనిది అనేది మూలార్థం. ‘అస్మిత’ అంటే నేను అనే భావం. యోగశాస్త్రం దాన్ని పంచక్లేశాల్లో, అంటే మనసును బాధపెట్టే ఐదింటిలో, ఒకటిగా లెక్కపెట్టింది. ఆత్మగౌరవం అనే అర్థంలో ఇష్టపడి పెట్టుకుంటే సరే, తెలిసి పెట్టుకోండి. ‘లాస్య’ మంచి పేరు, సుకుమారమైన నృత్యం అని అర్థం. ‘శ్రావ్య’ అంటే వినడానికి ఇంపైనది. ‘నిహారిక’ అని అందరూ రాస్తున్నారు, సరైన రూపం ‘నీహారిక’. రిజిస్టరులో రాయించేముందు దీర్ఘం చూసుకోండి.

అర్థం చూడటానికి బ్రౌణ్య నిఘంటువు చాలు, ఇప్పుడు ఫోన్‌లో కూడా చూసుకోవచ్చు. ఆ బ్రౌన్ దొర ఉద్యోగం మీద కడపకు వచ్చి ఇక్కడే తెలుగు మీద ప్రేమ పెంచుకున్న మనిషి. ఆయన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు 1852లో అచ్చయింది. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతోనే గ్రంథాలయం ఉంది. ఆ పక్కనే ఉండి, పిల్ల పేరుకు అర్థం ఎవరో ఎక్కడో రాసిన జాబితాలో వెతుక్కోవాల్సిన అవసరం మనకు లేదు.

మన సీమలోనే ఉన్న పేర్లు

మన నదుల పేర్లు ఒక్కసారి పైకి చదవండి. పెన్నకు పినాకిని అని పేరు. పుట్టపర్తి పక్కన పారేది చిత్రావతి. హగరికి వేదవతి అని పేరు. నంద్యాల మీదుగా వచ్చే కుందూకు కుముద్వతి అంటారు, అంటే కలువలున్నది. జయమంగళి వచ్చి పెన్నలో కలుస్తుంది. తుంగ, భద్ర కలిసి తుంగభద్ర. వాన సరిగా కురవని సీమ ఏళ్లకు ఇంత చక్కని పేర్లు పెట్టుకుంది. కురిసినప్పుడు ఆ నీళ్లంటే ఎంత ప్రేమో ఆ పేర్లే చెబుతాయి.

వీటిలో చిత్రావతి నాకు మొదటిది. పొట్టిగా ‘చిత్ర’ అని పిలుచుకోవచ్చు, రెండూ ఆడపేర్లే. వేదవతికి నదితో పాటు రామాయణంలో కథ కూడా ఉంది. పినాకిని ‘ఇని’తో ముగిసే పేరు, శివుడి విల్లు పినాకం అందులో ఉంది, మెత్తదనమూ బలమూ రెండూ ఉన్న పేరు. కుముద్వతి రాతలో బాగుంటుంది, పిలవడానికి ‘ద్వ’ అడ్డం పడుతుంది, ‘కుముద’ చాలు. పాపఘ్ని కూడా మన ఏరే, పాపాన్ని పోగొట్టేది అని అర్థం, గొప్పదే. కానీ పేరు ‘పాప’తో మొదలై ‘ఘ్ని’ దగ్గర తట్టుకుంటుంది, పిల్లకు వద్దు.

చెయ్యేరుకు బాహుద అని పేరు. లిఖితుడు అనే మునికి శిక్షగా చేతులు నరికితే, ఆ నదిలో మునగగానే చేతులు మొలిచాయని భారతంలో కథ. చెయ్యి ఇచ్చిన ఏరు కాబట్టి చెయ్యేరు. ఎంత అందమైన కథో! అయినా 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఆ ఏటి ఒడ్డున ఊళ్లు కొట్టుకుపోయాయి. రాజంపేట వైపు వాళ్లకు ఈ పేరు సూచించడానికి నా నోరు రాదు.

అమ్మవార్ల పేర్లలో ఎంపిక వేరే రకం. శ్రీశైలంలో భ్రమరాంబ, మహానందిలో కామేశ్వరి, నందవరంలో చౌడేశ్వరి, దిగువ అహోబిలంలో అమృతవల్లి, మంత్రాలయంలో మంచాలమ్మ. భక్తికి అన్నీ సమానమే. పేరుగా చూస్తే భ్రమరాంబలో మొదటి అక్షరానికే ఒత్తు, బరువు. ‘భ్రమర’ అని పిలిస్తే తుమ్మెద అవుతుంది, అదీ ముచ్చటే. అమృతవల్లికి సాటి లేదు. ‘అమృత’ అన్నా ‘వల్లి’ అన్నా పిలుపు బాగుంటుంది. మంచాలమ్మలోంచి ‘మంచాల’ను మాత్రమే తీసి పెడితే అచ్చ తెలుగు పేరు, ‘మంచి’ అన్న మాట కూడా చెవిలో పడుతుంది. ఇప్పటి చెవికి కొత్తగా వినిపిస్తుంది, ధైర్యమున్నవాళ్లు పెట్టుకోండి.

అచ్చ తెలుగు పేర్ల ఊసెత్తితే మొల్లను తలవకుండా ఎలా? బద్వేలు దగ్గరి గోపవరం ఆమె ఊరంటారు. మొల్ల అంటే ఒక రకం మల్లె. రెండక్షరాల ఆ పేరు ఈ రోజు ఎవరూ పెట్టడం లేదు. సిరి, వెన్నెల మళ్లీ వస్తున్నాయి, సంతోషం. కలువ, మొల్ల కూడా రావాలని నాకు గట్టి కోరిక.

జేజి పేరు పెట్టాలంటే

ఇంట్లో అసలు గొడవ వచ్చేది ఇక్కడే. నాయన వైపు జేజి ఓబులమ్మ, అమ్మ వైపు అవ్వ సుంకులమ్మ అనుకోండి. పెద్దవాళ్లు ఆ పేరు నిలబెట్టాలంటారు, పిల్ల తల్లి "ఈ కాలంలో ఆ పేరేంది" అంటుంది. ఇద్దరిదీ న్యాయమే.

ఓబులమ్మ, ఈరమ్మ, మస్తానమ్మ, కుళ్లాయమ్మ అనే పేర్లు ఈ నేల చరిత్ర. అహోబిలం నరసింహుడి పేరు నోట్లో అరిగి ఓబులం అయింది, ఆ స్వామి పేరే ఓబులమ్మ. నార్పల దగ్గర గూగూడులో మొహర్రానికి కుళ్లాయిస్వామికి మొక్కుకుని హిందువులు పెట్టుకున్న పేరు కుళ్లాయమ్మ. అవి మోటు పేర్లంటే నేను ఒప్పుకోను. ‘అమ్మ’ అనే చివర కంటే ఆడతనం ఉన్న చివర ఏ భాషలో ఉంది? తెలుగులో మొదటి కవయిత్రిగా చెప్పుకునే తాళ్లపాక తిమ్మక్క పేరు కూడా ‘అక్క’తోనే ముగుస్తుంది.

అయినా బడిలో ఆ పిల్లను ఏడిపిస్తారన్న తల్లి భయమూ నిజమే. ప్రొద్దుటూరులో పుట్టిన సుబ్బమ్మ సినిమాల్లోకి వెళ్లేసరికి శాంతకుమారి అయింది. పేరు మార్చుకోవాలన్న ఒత్తిడి ఇప్పటిది కాదు. అందుకని నేను మధ్యదారి చెబుతాను: పేరును అలాగే దించుకోకుండా దాని ఇంటికి వెళ్లండి. ఓబులమ్మ ఇల్లు అహోబిలం, అక్కడి అమ్మవారు అమృతవల్లి. జేజికి "నీ స్వామి పక్కనున్న తల్లి పేరే పెట్టినాం" అని చెబితే ఆమె కాదనదు. గంగమ్మ ఉంటే జాహ్నవి, లచ్చమ్మ ఉంటే కమల, ఇందిర. తిమ్మక్కకు తిరుమల నుంచి వెతకండి, అలమేలు దొరుకుతుంది.

నక్షత్రం అక్షరం

అయ్యవారు జన్మనక్షత్రం చూసి నాలుగు అక్షరాలు చెబుతారు. మఖకు మా, మీ, మూ, మే వస్తే అదృష్టమే, మాధవి, మీనాక్షి, మేఘన వరుసగా ఉన్నాయి. అనూరాధకు నా, నీ, నూ, నే, అదీ సులువే. ఆర్ద్రకు కూ, ఘ, ఙ, ఛ అని వస్తుంది. హస్తకు పూ, ష, ణ, ఠ. ఠ తో, ఙ తో పేరు వెతుక్కుంటూ ఏడుపు మొహం పెట్టిన తల్లులను చూశాను. నాలుగు అక్షరాల్లో సులువైనది పట్టుకోండి, హస్తకు పూర్ణిమ ఉంది కదా. ఏదీ కుదరకపోతే ఆ అక్షరంతో పేరు బియ్యంలో రాసి, చెవిలో చెప్పి, పిలుపు పేరు మీకు నచ్చింది పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లలో చేస్తున్నది అదే. అక్షరం కోసం అర్థం లేని పేరు అల్లడం మాత్రం వద్దు.

కాగితం మీదకు ఎక్కించేముందు

పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. పేరు ఇంకా తేలలేదని నమోదు ఆపకండి. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాతైతే ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు వీలుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, ఆధార్‌కు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. కాబట్టి తొందరపడి ఒక పేరు రాయించి తర్వాత మార్చుకుందాంలే అనుకోవద్దు.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. లతలో ‘టీ’ పక్కన ‘హెచ్’ పెట్టాలా వద్దా, గీతలో రెండు ‘ఈ’లా ఒక ‘ఐ’నా, ఇవి కౌంటరు దగ్గర నిలబడి ఆలోచించే విషయాలు కావు. మన వైపు ‘త’కు ‘హెచ్’ పెట్టే అలవాటు, ఉత్తరాదికి వెళితే పెట్టరు. ఏదైనా సరే, ఒకటే పెట్టి అన్ని కాగితాల్లో అదే ఉంచండి. సంఖ్యాశాస్త్రం కోసం అదనంగా ‘ఏ’ చేర్చే పని వద్దని ప్రతి తల్లిదండ్రులకూ చెబుతాను. పదో తరగతి సర్టిఫికెట్‌కు, ఆధార్‌కు ఒక అక్షరం తేడా వచ్చి పిల్లలు ఎంత ఏడుస్తారో ప్రతి ఏడాదీ మా బడిలో చూస్తున్నాను.

ఇంకో పరీక్ష ఉంది, దానికి డబ్బూ కాగితమూ అక్కర్లేదు. ఇంట్లో అందరికంటే పెద్దావిడను వాకిట్లో నిలబెట్టి, వీధి చివర ఆడుకుంటున్న పిల్లను పిలిచినట్టు ఆ పేరు పిలవమనండి. అక్షర ‘అచ్చర’ అవుతుందా, జ్యోత్స్న ‘జోస్న’ అవుతుందా అప్పుడు తెలిసిపోతుంది. తర్వాత పేరులో సగం మాత్రమే పిలిచి చూడండి. ఆ పిల్ల బతుకంతా వినేది ఆ సగమే.

మా చెల్లెలి బిడ్డది రేవతి నక్షత్రం: దే, దో, చా, చీ. పద్నాలుగు పేర్లలో అన్య పోయింది, అనామిక పోయింది, మా వాళ్లకు ఎంతో నచ్చిన తేజశ్రీ కూడా పోయింది. అక్షరానికి సరిపడనివి అయ్యవారు కొట్టేశారు. చారుహాసిని ఒక్కటి మిగిలింది. దాని పక్కన నేను చిత్రావతి రాసి పంపాను. చారుహాసిని అంటే అందంగా నవ్వేది, అర్థంలో వంక పెట్టలేను. కానీ సగం పిలిస్తే ‘చారు’ అవుతుంది. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే ఆ పిల్లకు తరగతిలో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. రేపు పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు వెళ్తున్నాను. చెల్లెలి అత్తగారిని వాకిట్లో నిలబెట్టి రెండు పేర్లూ పిలిపిస్తాను.